మిగిలిన పాలు

ఆ ఏడు వానలు దసరా దాటినా పోలేదు. లాల్‌దర్వాజాలో మా గల్లీ ఎప్పుడు చూసినా తడిగానే ఉండేది. పచ్చిగడ్డి బండి ఇంటికి చేరేసరికి సగం గడ్డి నానిపోయి ఉండేది. బర్రెలు దానికి మూతి తగిలించి, వాసన చూసి పక్కకు తిరిగేవి. అందుకే శ్రావణంలో పాలు తగ్గినప్పుడు నేను వానను తిట్టుకున్నాను, గడ్డి అమ్మేవాణ్ణి తిట్టుకున్నాను. మా దగ్గర పాలు పిండే ఆగయ్య కాక చెయ్యి మీదికి నా మనసే పోలేదు.

మా ఇంటి వెనక బర్రెల కొట్టం మా మామ కట్టించింది. ఆయన కాలంలో నిండా బర్రెలుండేవట. నా చేతికి వచ్చేసరికి ఓ ఏడెనిమిది మిగిలాయి. మా ఆయన సాయిలు పోయాక వాటిని కూడా అమ్మేసి, ముందుగదిలో ఏదైనా దుకాణం పెట్టుకొమ్మని చుట్టాలంతా చెప్పారు. ఆగయ్య కాక మాత్రం ఏమీ చెప్పలేదు. దినాలయిన మర్నాడు, పాలు పిండే వేళకు వచ్చి, నా ముందు బకెట్ పెట్టి, "కూసో బిడ్డా" అన్నాడు. అప్పటిదాకా నేను బర్రెకు గడ్డి వేయాలన్నా దూరం నుంచి విసిరేదాన్ని. ఆయన పక్క బర్రె దగ్గర గొంతుక్కూచుని, తన చేతులు నాకు కనిపించేలా పెట్టి నిదానంగా పిండి చూపించాడు. ఆ చలికాలమంతా చూపిస్తూనే ఉన్నాడు. నేనూ, నా బిడ్డ సోనీ ఈ ఇంట్లో నిలబడ్డామంటే ఆ చేతులే కారణం.

మా కొట్టంలో మంచి పాడి గౌరిది. కొమ్ములు వెనక్కి తిరిగి, కళ్ళ చుట్టూ బూడిదరంగు ఉండే బర్రె. మొండిది. కొత్తవాళ్ళు కూచుంటే పాలు పైకి లాగేసుకునేది. దూడ నాలుగుసార్లు కుమ్మి, ఆగయ్య కాక వీపు మీద చరిచి ఏదో గొణిగితే గాని చేపేది కాదు. ఆ గౌరికే వినాయక చవితి ముందు పొదుగు వాచింది.

పశువుల డాక్టరు వచ్చాడు. పొదుగు నొక్కి చూసి, కింద గిన్నె పట్టి పాలు తీసి చూశాడు. గౌరి కాలు ఎత్తింది.

"పాలు పూర్తిగ పిండుతలేరు. లోపల మిగిలిపోతున్నయ్. గందుకే వాపొచ్చింది. ఎవలు పిండుతున్నరు?"

"నేనే సార్" అన్నాడు ఆగయ్య కాక.

"జర మంచిగ పిండు తాతా. గిట్లనే ఉంటె చన్ను ఎండిపోతది. మళ్ళ రాదు."

"దూడ సరిగ కుడుస్తలేదు సార్. గందుకే ఇడుస్తలేదు."

దూడ అక్కడే ఉంది. దాని మూతి నిండా నురగ. డాక్టరు దాన్ని చూశాడు, నేనూ చూశాను. ఆగయ్య కాక మటుకు చూరు మీది నుంచి కారే వానను చూస్తున్నాడు. కుడిచెయ్యి ఎడమ చంకలో దోపుకొని ఉన్నాడు. చలికేమో అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి ఆయన చేతుల్ని గమనించడం మొదలుపెట్టాను. చేతిలో పని లేనప్పుడు కుడిచేతి బొటనవేలు తనంతట తానే కదిలేది, కనిపించని బీడీ ఏదో చుడుతున్నట్టు. చన్ను పట్టుకున్నప్పుడు ఆగేది గాని, పట్టు ఉండేది కాదు. ధార సన్నగా, తెగి తెగి పడేది. ఇదివరకు ఆయన పిండుతుంటే వంటింట్లో ఉన్నా చప్పుడు వినబడేది నాకు. అలియాబాద్‌లో చాయ్ హోటల్ నడిపే గౌస్ భాయ్, మా పాలన్నీ దాదాపు ఆయనకే పోతాయి, పాలెందుకు తగ్గాయని రెండుసార్లు వచ్చి అడిగాడు.

"క్యా భాభీ, దూధ్ ఇత్నా కమ్ కైకు? చాయ్ బంద్ జేస్కోవాల్నా ఏంది నేను?"

"వానలు భాయ్. జర ఓపికపట్టు" అన్నాను.

తర్వాత ఒకరోజు ఆగయ్య కాక నిండు బకెట్ ఎత్తబోయి జారవిడిచాడు. పాలన్నీ పెండనీళ్ళలో కలిసి కాలువలోకి పోయాయి. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన బకెట్ నిలబెట్టి, దాని అంచు తుడుస్తూ ఉన్నాడు.

"తన్నింది బిడ్డా" అన్నాడు.

గౌరి కదలకుండా నెమరు వేసుకుంటోంది. బకెట్ పడ్డది దాని కాళ్ళకు ఎంతో దూరంలో.

"దీనికి పొగరు ఎక్కువైంది కాకా" అన్నాను నేను.

మర్నాటి నుంచి నేనొక పని మొదలుపెట్టాను. పిండటం అయ్యాక పొద్దున పూట ఆయన గడ్డి దింపడానికి గల్లీ చివరికి పోతాడు. మధ్యాహ్నం పూట గౌస్ భాయ్ హోటల్లో చాయ్ తాగి, అటునుంచే జహనుమాలో తన ఇంటికి పోతాడు. ఆయన వెన్ను తిరగగానే నేను బకెట్ తీసుకొని, ఆయన పిండిన బర్రెల కింద మళ్ళీ కూచునేదాన్ని. లోపల మిగిలిందంతా తీసేదాన్ని. గౌరి మొదట్లో తలతిప్పి చూసింది, తర్వాత అలవాటు పడింది. దాని వాపు తగ్గింది. గౌస్ భాయ్ నోరు మూతపడింది.

సోనీ స్కూటీ మీద ఇళ్ళకు పాలు వేసి వచ్చి, క్యాన్లు కడుగుతూ నన్ను చూసింది. డిగ్రీ చదువుతోంది. ఏ మాటైనా మొహం మీదే అంటుంది.

"ఏంది అమ్మా ఇది? ఒక్క బర్రెను ఇద్దరు పిండుడేంది?"

"తాతకు చెయ్యి బాగలేదు."

"నాకెర్కే. ఆ ముచ్చట తాతకు చెప్పు. మిషన్ తెద్దాం, లేకపోతె ఎవలన్న పనోన్ని పెడదాం. తాతను ఇంటికాడ కూసోమను."

"నోటితోని ఎట్లంట సోనీ? మీ నాయిన పోయిననాడు ఆయన నాతోని గట్లనే అన్నడా?"

"గట్లని దొంగోళ్ళ లెక్క పిండుతవా? ఒకనాడు చూస్తడు. అప్పుడేమంటవ్?"

నేను మళ్ళీ చన్ను పట్టుకున్నాను. పొదుగులో ఇంకా పాలున్నాయి.

బతుకమ్మ మొదలవడానికి ముందు ఒక శుక్రవారం, ఆగయ్య కాక భార్య నాగమణమ్మ మహంకాళి గుడికి వచ్చి, అటునుంచి మా ఇంటికి వచ్చింది. ఆమె ఎప్పుడొచ్చినా వెనక కొట్టంలోకి పోయి మొగుణ్ణి పలకరించి గాని ఇంట్లోకి రాదు. ఆ రోజు ముందు తలుపు దగ్గరే చెప్పులు విడిచి, నేరుగా వంటింట్లోకి వచ్చి నేల మీద కూచుంది.

"ఆయనకు నేనొచ్చినట్టు చెప్పకు రాజమణీ."

"ఏమైంది చిన్నమ్మా?"

"గుండీలు పెట్టుకోస్తలేదు. అంగీ నేనే తొడుగుతున్న. అన్నం నోటికాడికి పోయేసరికి సగం ఒళ్ళె పడుతది. నరాల డాక్టరుకు చూపిచ్చిన. వణుకుడు రోగమట. పోయేది కాదట, గోలీలు ఏసుకుంటె జర ఆగుతదట. ఏం పని జేస్తడు అని అడిగిండు డాక్టరు. బర్రెలకాడ అంటె, వద్దే వద్దన్నడు."

"మరి కాక ఏమన్నడు?"

"సరే సార్ అన్నడు. తెల్లారి మళ్ళ ఈడికే వచ్చిండు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నేను జెప్తె ఇంటలేడు. కొట్లాడిన, ఏడ్చిన. నువ్వు వద్దన్నవనుకో, మానేస్తడు. నీ మాట తీసెయ్యడు. నువ్వు చెప్పు బిడ్డా."

ఎవరైనా పనివాడి తరఫున వచ్చి, ఉంచుకొమ్మని బతిమాలడం చూశాను. మాన్పించమని బతిమాలడం అప్పుడే చూశాను.

"నేనెట్ల చెప్త చిన్నమ్మా? నన్ను ఎల్లగొట్టిందనుకుంటడు."

"అనుకోనియ్యి. ఆ గౌరి ఒక్క తన్ను తన్నితె లేసేటట్టున్నడా ఆయన? కోపం జేసుకుంటె చేసుకోనియ్యి, పాణమైతె ఉంటది. దవాఖానకు మళ్ళ రమ్మన్నరు. పండుగ అయినంక తోల్కపోవాలె. ఆలోపల నువ్వు చెప్పాలె."

దసరా కానీ, చెప్తానన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని గట్టిగా ఒత్తి, వచ్చిన తలుపు నుంచే వెళ్ళిపోయింది. కొట్టంలో ఆగయ్య కాక బర్రెలను కడుగుతూ వాటితో మాట్లాడుతున్న మాటలు వంటింట్లోకి వినబడుతున్నాయి.

దసరా అయిపోయింది. జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టాడు ఆగయ్య కాక. పెట్టేటప్పుడు ఆకు రాలి కింద పడితే, ఇద్దరం ఒకేసారి వంగాము. ఆ రోజెలా చెప్తాను? మర్నాడు చెప్పాను, అంటే చెప్పబోయాను. మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. ఆయన దాణా బస్తా మీద కూచుని ఉన్నాడు. నేను రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి, ఆయనది సగమే పోసి ఇచ్చాను. నిండుగా పోస్తే ఒలుకుతుందని.

"కాకా, ఒక మాట."

"నేనే అడుగుదామనుకుంటున్న బిడ్డా" అన్నాడు ఆయన. "గౌస్ భాయ్ ఇంక లొల్లి చేస్తుండా?"

"లేదు. ఇప్పుడేం అంటలేడు."

"పాలు సరిపోతున్నయా?"

"సరిపోతున్నయ్."

"నిజంగనా? నాతోని మొకమాటపడకు. చెయ్యి జర బాగుంటలేదు నాకు. తగ్గినయంటె చెప్పు."

చెప్పడానికి దారి ఆయనే తెరిచాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన మొహం చూశాను. ఆ ప్రశ్న అడగడానికి ఎన్ని రోజుల నుంచి ధైర్యం కూడగట్టుకున్నాడో ఆ మొహంలో కనబడుతోంది.

"ఏడ తగ్గినయ్ కాకా" అన్నాను. "మళ్ళ ఎక్కినయ్. నీ చెయ్యి మంచిగైనట్టున్నది."

ఆయన గ్లాసు కింద పెట్టి, కుడిచేతిని ముందుకు చాచి చూసుకున్నాడు. తెరిచాడు, మూశాడు. నవ్వాడు. పై పళ్ళు రెండు లేవు ఆయనకు. నవ్వితే చిన్నపిల్లాడిలా ఉంటాడు.

"గోలీలు పనిజేస్తున్నయ్ గావొచ్చు" అన్నాడు. "నీ చిన్నమ్మకు చెప్పాలె. ఊకె ఏడుస్తది."

ఆ రోజు చాయ్ మొత్తం తాగి, గ్లాసు తానే కడిగి పెట్టి వెళ్ళాడు. ఈసారి సదర్‌కు గౌరికి నూనె పట్టించి, మెడకు గవ్వల దండ వేసి రోడ్డు మీదికి తోలుకపోదామన్నాడు. దీపావళి మర్నాడు మా వాళ్ళంతా పశువులను అలంకరించి ఊరేగించే పండుగ అది. సాయిలు పోయాక మేము అందులోకి పోనే లేదు. సరే కాకా అన్నాను. దీపావళి కానీ, అప్పుడు చెప్తాననుకున్నాను.

దీపావళికి ఇంకా వారమో ఏమో ఉంది. మధ్యాహ్నం పిండటం అయింది. ఆయన కాళ్ళు కడుక్కొని, తువాలు భుజాన వేసుకొని, "పోతున్న బిడ్డా" అని వెళ్ళాడు. నేను కాసేపు ఆగి, బకెట్ తీసుకొని గౌరి కింద కూచున్నాను. ఆ రోజు చాలా మిగిలాయి. ధార బకెట్ అడుగున తగిలి మోగుతూ, కాసేపటికి నురగలోకి మెత్తగా దిగుతోంది. నా తల గౌరి పొట్టకు ఆనించి ఉన్నాను. బయట వాన మొదలైన సంగతి కూడా వినబడలేదు.

గౌరి నెమరు ఆపి తల తిప్పింది. అది ఎటు చూస్తోందో నేనూ అటు చూశాను.

ఆగయ్య కాక తలుపు దగ్గర ఉన్నాడు. గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చాడు. భుజాలు తడిసి ఉన్నాయి. నన్ను చూడటం లేదు, బకెట్‌ను చూస్తున్నాడు. సగానికి వచ్చింది బకెట్.

నా వేళ్ళు ఆగిపోయాయి. దూడ అరిచింది. ఆయన లోపలికి వచ్చి, గోడకు వేలాడుతున్న గొడుగు తీసుకున్నాడు. నా వెనక ఒక్క క్షణం నిలబడ్డాడు.

"ఎనక చన్ను మర్శిపోకు" అన్నాడు. "దాంట్ల ఇంక ఉన్నయ్."

వెళ్ళిపోయాడు. నేను బకెట్ వదిలేసి తలుపు దాకా వచ్చేసరికి గల్లీ మలుపులో ఉన్నాడు. వాన జోరుగా పడుతోంది. గొడుగు ముడిచి చంకలో పెట్టుకొని, తడుస్తూనే నడుస్తున్నాడు. దాని మీట నొక్కి తెరవడం ఆయనకు చేతకాలేదని నాకు అర్థమయ్యేసరికి ఆయన మలుపు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున రాలేదు. నేనూ సోనీ కలిసి పిండాము. మధ్యాహ్నం, పిండే వేళకు, ముందు తలుపు కొట్టిన చప్పుడైంది. ఆయన ఏనాడూ ముందు తలుపు నుంచి రాలేదు. తెల్లంగీ వేసుకున్నాడు, గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. తల దువ్వి ఉంది. పెళ్ళికి పోయేవాడిలా ఉన్నాడు. కుర్చీ వేస్తే, కొంచెం ఆలోచించి కూచున్నాడు.

"ఇగ నేను మానేస్తున్న బిడ్డా."

"కాకా..."

"నీకు నోరు రాదు. నాకెర్కే. గందుకే నేనే చెప్తున్న."

నేను ఆయన ఎదురుగా నేల మీద కూచున్నాను. వంటింటి గడప మీద సోనీ నిలబడి ఉంది.

"ఒక్క ముచ్చట అడుగుత. కోపంతోని అడుగుతలే" అన్నాడు. "నేను పిండినంక నువ్వు పిండుడు ఎప్పటిసంది?"

"వినాయక చవితికాడికెంచి."

ఆయన లోలోపల ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"అంటే దసరా అయినంక పాలు ఎక్కినయన్నవ్ చూడు. అయి నువ్వు పిండినయే."

"ఆఁ."

"నా చెయ్యి మంచిగైందన్నవ్."

తల వంచుకున్నాను.

"దవాఖానకు రమ్మన్నరు బిడ్డా, పండుగ అయినంక. నేను పోలే. మీ చిన్నమ్మ మస్తు లొల్లి చేసింది. చెయ్యి మంచిగైంది, పాలు ఎక్కినయట, రాజమణి చెప్పింది, ఇగ దవాఖాన ఎందుకన్న. గోలీలు అయిపోయినయ్, మళ్ళ తెచ్చుకోలే." ఆయన మాట చాలా మెల్లగా ఉంది. "నాలుగు దినాల సంది ఈ కాలు గూడ గుంజుతున్నది."

వంటింటి గడప మీది నుంచి సోనీ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏడుస్తున్నానని ఆయన చెయ్యి ముందుకు వచ్చేదాకా నాకు తెలియలేదు. నా తల మీద పెట్టబోయాడు. అది నా జుట్టుకు తగిలి, తగిలి, మళ్ళీ ఆయన ఒళ్ళోకి పోయింది.

"నిన్ను అంటలేను. నమ్మాల్నని ఉండె నాకు. గందుకే నమ్మిన."

"కాకా, పిండకు. ఊకె వచ్చి కూసో. దాణా సంగతి చూస్కో, కొత్తోడు వస్తె వానికి చెప్పు. నీకేం కావాల్నో నేను చూస్త. నువ్వు రాకుంటె ఈ కొట్టం ఎట్ల నడుస్తది?"

"కూసుంటనా నేను?" అన్నాడు. "బకెట్ చప్పుడింటె లేస్త. బర్రె కింద కూసుంట. మళ్ళ నువ్వు నా ఎన్క కూసోవాలె. వద్దు బిడ్డా."

లేచాడు. నేను కొట్టం వైపు తలుపు తీశాను, పోయే ముందు ఒకసారి చూసి పోతాడేమోనని. పాలు పిండే వేళ కదా, అవి అప్పటికే అరుస్తున్నాయి. ఆయన ఆ చప్పుడు విన్నాడు. కాని అటు పోలేదు. వచ్చిన తలుపు నుంచే మెట్లు దిగి వెళ్ళాడు.

సోనీ ఆ వారమే ఆయనను స్కూటీ మీద కూచోబెట్టుకొని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు కోప్పడ్డాడట. మందులు ఆపితే రోగం ముదిరినట్టే కనబడుతుందనీ, మళ్ళీ దారిలోకి రావడానికి నెలలు పడుతుందనీ, ఇదివరకటంత రాకపోవచ్చనీ చెప్పాడట. వచ్చి ఆ మాటలన్నీ నాతో చెప్పింది సోనీ. ముందే చెప్పమన్నాను కదమ్మా అని మాత్రం అనలేదు. అనుంటే బాగుండేదేమో.

కొట్టంలోకి ఒక కుర్రవాణ్ణి పెట్టాను. మంచి పనిమంతుడే. ఇతర బర్రెలు నాలుగు రోజుల్లో అలవాటు పడ్డాయి. గౌరి పడలేదు. వాడు కూచుంటే పాలు పైకి లాగేసేది, బలవంతం చేస్తే తన్నేది. నేను పిండితే సగం ఇచ్చేది. పశువుల డాక్టరు వచ్చి, సూది వేసి చేపించుకొమ్మన్నాడు. రోజూ సూదులు పొడవడం నాకు ఇష్టం లేకపోయింది. సదర్ నాడు రోడ్డు మీద డప్పులు మోగుతూ, ఒళ్ళంతా నూనెతో మెరిసే దున్నపోతులు మా గల్లీ మొదట్నుంచి పోతుంటే కొట్టంలో మావి చెవులు రిక్కించి విన్నాయి. మేము తలుపు వేసుకున్నాము.

కార్తీకంలో గౌరిని అమ్మేశాను. శంషాబాద్ అవతలి నుంచి ఒక రైతు వచ్చి చూసుకున్నాడు. పొలం ఉంది, చెరువు ఉందన్నాడు. దాని వెనకే ఇంకో రెండు కూడా పోయాయి. ముందుగదిలో పాకెట్ పాలు, పెరుగు పెట్టి అమ్మడానికి ఫ్రిజ్ తెచ్చింది సోనీ. ఇంట్లో పొద్దున పూట చప్పుడు తగ్గిపోయింది.

ఆగయ్య కాక ఇంటికి రోజూ పాలు పోతూనే ఉన్నాయి, సోనీ చేతి మీదుగా. గౌరి పోయిన సంగతి చెప్పవద్దని నాగమణమ్మ అన్నదట. రోజూ మొదట అడిగేది గౌరి సంగతేనట ఆయన. సోనీ "మంచిగుంది తాతా" అని చెప్పి, వచ్చి నా మీద విసుక్కునేది. మొహం మీద మాట్లాడే పిల్ల. ఆ మాట దాని నోటికి పడటం లేదు.

ఒక మధ్యాహ్నం దాని చేతిలోంచి క్యాన్ తీసుకొని నేనే వెళ్ళాను. జహనుమాలో ఆయనది రెండు గదుల ఇల్లు, ముందు చిన్న వసారా. వసారాలో మంచం మీద, ఎండ తగిలే చోట కూచుని ఉన్నాడు. చిక్కిపోయాడు. చెయ్యి ఇప్పుడు చంకలో దాచుకోవడం లేదు, ఒళ్ళో వదిలేశాడు. అది దాని పని అది చేసుకుపోతోంది. మొహంలో కదలిక తగ్గింది గాని, నన్ను చూడగానే కళ్ళలో వెలుగు వచ్చింది.

"రా బిడ్డా, కూసో."

మంచం పక్కన పీట మీద కూచున్నాను. నాగమణమ్మ క్యాన్ అందుకొని, ఆయన వెనక నిలబడింది.

"సోనీ రాలే?"

"పరీక్షలున్నయ్ కాకా."

"మంచిగ రాయమను." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. మాట ఒక్కొక్కటిగా వస్తోంది. "గౌరి ఎట్లుంది?"

ఆయన వెనక నుంచి నాగమణమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. చెప్పకు అన్నట్టు పెదాలు కదిలించింది. ఆ కళ్ళలో ఎంత బతిమాలుకోలు ఉందో, ఒకనాడు నా వంటింట్లో కూచుని చెప్పమని అడిగినప్పుడూ అంతే ఉంది.

"అమ్మేసిన కాకా" అన్నాను.

నాగమణమ్మ క్యాన్ తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన గల్లీ వైపు తిరిగాడు. గల్లీలో ఎవరో పాత సామాను కొంటామని అరుస్తూ పోయారు. ఆ అరుపు దూరమయ్యేదాకా చూసి, అడిగాడు.

"ఎవలకిచ్చినవ్?"

"శంషాబాద్ దిక్కు రైతు. పొలముంది, చెరువుందట."

"దూడను గూడ ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మంచిగ జేసినవ్. దూడ లేకుంటె అది ఇయ్యది." మళ్ళీ ఊపిరి తీసుకున్నాడు. "పోతప్పుడు అరిసిందా?"

లేదని చెప్పొచ్చు. చెప్తే ఆయన సుఖంగా ఉంటాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"అరిసింది కాకా. బండి ఎక్కనంటె ఎక్కనన్నది. ఎక్కించినంక గుడి దాటేదాక అరుసుకుంటనే పోయింది."

ఆయన తల ఊపాడు. ఒకసారి కాదు, చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. సాయిలు పోయిననాడు కూడా ఆయన ఏడవడం నేను చూడలేదు. తుడుచుకుందామని చెయ్యి ఎత్తాడు గాని, అది మొహం దాకా పోలేదు. నేను నా కొంగుతో తుడిచాను. తుడవనిచ్చాడు.

లోపల నాగమణమ్మ పొయ్యి మీద పాలు పెట్టింది. అవి పొంగి, ఆమె దింపుకునేదాకా మేమిద్దరం అలాగే కూచున్నాము.